గుసగుసల కచేరీ గురించి సూర్యానికి

విజయనగరం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, ఆ తర్వాత ఒళ్లు మండింది. అమ్మాయి టికెట్టు కొని బలవంతాన లాక్కెళ్లిందనీ, నలుగురు నల్లబట్టలవాళ్లు నలభై నిమిషాలపాటు ఫిడేళ్లను గీకారనీ, మధ్యమధ్య ఏమీ వాయించకుండా గుడ్లప్పగించి కూర్చున్నారనీ, తీరా చూస్తే రాసినవాడు కమ్యూనిస్టట అనీ రాశావు. "జనం పాడుకోలేని పాట కమ్యూనిస్టుకెందుకురా?" అన్నావు. అక్కడితో ఆగావా, "ఉద్యమంలో అలిసిపోయినవాడే లోపలికి పోతాడు, నీలాగ" అని ఓ చురక కూడా అంటించావు. చురక సంగతి నువ్వు ఊరొచ్చాక తేల్చుకుందాం. ప్రశ్నకు మాత్రం ఇప్పుడే జవాబు రాయకపోతే నాకు నిద్రపట్టదు.

నీ ఫిర్యాదు కొత్తది కాదు. ఆ రచన పుట్టినప్పుడే యూరప్‌లో చాలామంది అచ్చం ఇలాగే అన్నారు. దాన్ని రాసిన లూయీజీ నోనో పక్క మార్చాడన్నారు, వీధి వదిలేసి గదిలోకి దూరాడన్నారు. ఎందుకన్నారో కూడా అర్థం చేసుకోవచ్చు. వెనిస్‌లో 1924లో పుట్టిన ఈ మనిషి 1952లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. పేరుకు చేరినవాడు కాదు. 1964లో జెనోవా ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్లి యంత్రాల రొదనూ కార్మికుల మాటలనూ టేపు మీద పట్టుకొచ్చి, వాటికి ఒక స్త్రీ గొంతు జతచేసి 'లా ఫాబ్రికా ఇల్లుమినాటా' కట్టాడు. 1975లో పారిస్ కమ్యూన్ ఆడవాళ్లను, ఇంకా ఎందరో విప్లవకారిణులను మిలన్‌లో రంగస్థలం ఎక్కించాడు. అలాంటివాడు, బాన్ నగరంవాళ్లు బీతోవెన్ ఉత్సవానికి రాయమంటే, రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లోకి నువ్వు విన్న ఆ గుసగుసలు రాసిచ్చాడు. పేరు 'ఫ్రాగ్మెంటె–స్టిల్లె, ఆన్ డియోటిమా'. తునకలు, నిశ్శబ్దం, డియోటిమాకి. 1980 జూన్ 2న మొదట వాయించింది లాసాల్ క్వార్టెట్.

నీకు హాల్లో ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటుంది. ఆ నలుగురి ముందూ ఉన్న కాగితాల్లో స్వరాలే కాదు, మాటలూ ఉన్నాయి. హోల్డర్లిన్ అనే జర్మన్ కవి రాతల్లోంచి ఏరిన తునకలు, యాభై దాకా. ఒక్కోచోట రెండు మాటలు, ఒక్కోచోట నాలుగు, ముందూ వెనకా చుక్కలు. వాటిని పైకి చదవకూడదని నోనో ఖండితంగా రాశాడు. మాట "గాలి" అని ఉంది కదా అని గాలిలా వాయించడం లాంటి వేషాలు కూడా వద్దన్నాడు. మరేం చెయ్యాలి? నలుగురూ ఎవరికివాళ్లు లోపల పాడుకోవాలి.

ఇది వినగానే నాకు మా గురువుగారు గుర్తొచ్చారంటే ఆశ్చర్యపోకు. కీర్తన నేర్పేముందు ఆయన ఫిడేలు ముట్టుకోనిచ్చేవారు కాదు. ముందు సాహిత్యం నోటికి రావాలి. ఆ తర్వాత కమాను ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఒకే గీతలో రెండు స్వరాలు లాగాలో సాహిత్యమే చెబుతుందనేవారు. ఒకసారి స్వరం రాసుకున్న కాగితం చూసి వాయించేశాను, మాటలు నేర్చుకోకుండా. పల్లవి పూర్తికాకుండానే ఆపేశారు. "మాట మధ్యలో ఊపిరి తీసుకున్నావురా" అన్నారు. వాయించేది తీగ, తప్పు దొరికింది మాటలో. శ్రీరాగ పంచరత్నం ఫిడేలు మీద ఎత్తుకుంటే మన ఊళ్లో హాలంతా పెదవులు కదుపుతుంది చూడు, అదీ ఇదే. పైకి వినపడని మాట వాయించేవాడికీ వినేవాడికీ మధ్య నడుస్తూ ఉంటుంది.

అయితే ఇక్కడే తేడా కూడా ఉంది. మన హాల్లో ఆ మాట అందరికీ తెలుసు. నోనో దగ్గర అది కాగితం చూస్తున్న నలుగురికే తెలుసు. మన కమాను అక్షరాన్ని అనుసరిస్తుంది. నోనో స్వరానికీ ఆ తునకకీ అక్షరానికి అక్షరం పొత్తు లేదు. కాబట్టి "ఓహో, ఇది మన మానసిక జపమే కదా, భర్తృహరి ఎప్పుడో చెప్పిందే కదా" అని మనవాళ్లు ఎవరైనా అంటే నమ్మకు. భర్తృహరి లెక్కలో మాట లోపల పుట్టి, మధ్యమ దాటి, నోటిదాకా వస్తుంది. దాని నడక బయటికి. నోనో మాటల నడక తిరగేసి ఉంది. అచ్చయిన పుస్తకంలోంచి బయల్దేరి వాయించేవాడి లోపలికి పోతాయి, మళ్లీ మాటలుగా బయటికి రావు. అన్నీ మన దగ్గరే ఉన్నాయనుకుంటే సుఖంగానే ఉంటుంది గానీ, విన్నదేదో వినకుండానే పోతుంది.

మీ అమ్మాయి నిరుడు పంపిన ఈ రచన స్వరలిపి పుస్తకం నా బల్ల మీదే ఉంది. (ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పు. పెద్దవాడికి పుస్తకం పంపాలని ఈ కాలంలో ఎవరికి తోస్తుంది?) దాంట్లో స్వరాలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ముచ్చటేస్తుంది. ఒపెరాలు రాసిన వెర్డి ముసలితనంలో వాడిన ఒక విచిత్రమైన స్వరక్రమం ఉంది, ఇటలీవాళ్లు 'స్కాలా ఎనిగ్మాటికా' అంటారు, చిక్కుముడి వరస. మన భాషలో చెబుతాను: షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, ప్రతిమధ్యమం, పంచమం లేదు, శుద్ధ ధైవతం, ఆపైన కైశికి నిషాదం, కాకలి నిషాదం రెండూ పక్కపక్కనే. దిగేటప్పుడు ప్రతిమధ్యమం బదులు శుద్ధ మధ్యమం. వేంకటమఖి ఏ మేళంలోనూ ఇమడదు. పంచమం లేక కింద నేల దొరకదు, నిషాదాలు రెండై పైన కప్పు దొరకదు. నోనో దాన్ని ఆరోహణ అవరోహణలుగా వాడలేదు. ముక్కలు చేసి, ఒక ముక్క ఎక్కడో కింద చెల్లోలో, ఇంకో ముక్క ఫిడేలు కొసలో, తీగ తెగిపోతుందేమో అనిపించే చోట పెట్టాడు.

ఇక కమాను పని. ఒక్క స్వరానికే బ్రిడ్జి ఆనుకుని మొదలుపెట్టమంటాడు, అక్కడ నాదం గాజుపెంకులా గరగరలాడుతుంది. అదే స్వరాన్ని సాగదీస్తూ వేళ్లపలక మీదికి జరగమంటాడు, అక్కడ వేణువులా పల్చబడుతుంది. ఇంకోచోట వెంట్రుకలు కాదు, కమాను కర్రతో రాయమంటాడు. నువ్వు గీకుడన్నది దాన్నే. నేనూ తలుపేసుకుని ప్రయత్నించాను. పెద్దగా వాయించడం తేలికరా, ఎంత మెల్లగా వాయిస్తే కుడిచెయ్యి అంత వణుకుతుంది. అరవడానికి గుండెబలం చాలు, ఆ గుసగుసకి ఒళ్లంతా అదుపులో ఉండాలి.

డియోటిమా ఎవరనుకున్నావు? నువ్విప్పుడుంటున్న ఊరి మనిషే. ప్లేటో 'సింపోజియం'లో సోక్రటీసుకు ప్రేమ సంగతి చెప్పిన ఆడమనిషి పేరది. హోల్డర్లిన్ ఆ పేరును జుజెట్టె గోంటార్డ్‌కి పెట్టుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకరు భార్య ఆమె. 1796లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఆ ఇంట్లో కుదిరాడు, 1798లో ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. పక్కనున్న హోంబుర్గ్‌లో మకాం పెట్టి, నెలలో మొదటి గురువారం నడిచి వచ్చి, తోట కంచె దగ్గర ఆమెకు ఉత్తరం అందించి, ఆమె ఉత్తరం అందుకుని వెళ్లేవాడట. ఇప్పుడు ఆ దారికి అతని పేరే పెట్టారు, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. నీ మోకాళ్లు ఒప్పుకుంటే కొంత దూరమైనా నడువు. 1802లో ఆమె పోయింది. ఇతను మతి చెదిరి, 1807 నుంచి 1843 దాకా టూబింగెన్‌లో ఒక వడ్రంగి ఇంట్లో నది పక్క గోపురం గదిలో బతికాడు.

ఇదంతా విరహం కథలా ఉందని పెదవి విరవకు. ఈ హోల్డర్లిన్ ఎవరు? టూబింగెన్ మతపాఠశాలలో నీ హెగెల్‌తో కలిసి చదివినవాడు. ఫ్రెంచి విప్లవం వార్తలకు పొంగిపోయిన కుర్రకారులో ఒకడు. అతని దగ్గరి మిత్రుడు సింక్లెయిర్ మీద 1805లో రాజద్రోహం కేసు నడిచింది. నోనో వెతుక్కుని వెళ్లింది ఇలాంటివాడి దగ్గరికి. ఆ హోల్డర్లిన్ 1799 ప్రాంతంలో 'ఎంపెడొక్లెస్' నాటకం గురించి రాసుకున్న ఒక వ్యాసంలో, నేను మళ్లీమళ్లీ తిరిగి వెళ్లే ఆలోచన ఒకటుంది. కవి తన లోలోతు అనుభూతిని తన సొంత బతుకు కథగా చెప్పుకుంటే అది నిలవదు, దాన్ని తనది కాని పదార్థంలో, పరాయి మనుషుల్లో, పరాయి కాలంలో పెట్టాలి, ఎంత లోతైనదైతే అంత దూరంగా పెట్టాలి. ఆత్మకథలు కుప్పలుగా పడుతున్న ఈ రోజుల్లో నాకీ మాట మందులా పనిచేస్తుంది. నోనో చేసిందీ అదే. తన గోడు ఒక్క ముక్కలోనూ చెప్పుకోలేదు. వెర్డి వరస, హోల్డర్లిన్ తునకలు, చివరికొచ్చేసరికి వయోలాలో ఓకెగెమ్ పేరిట చెలామణీలో ఉన్న పదిహేనో శతాబ్దపు పాట. అన్నీ అరువు సామానే.

బీతోవెన్ దగ్గర కూడా ఒక అరువుంది. 1825లో జబ్బు నుంచి కోలుకున్నాక రాసిన క్వార్టెట్‌లో, ఓపస్ 132లో, దేవుడికి కృతజ్ఞత చెప్పే భాగంలో ఒకచోట అంతరంగపు లోతులోంచి వాయించమని బీతోవెన్ ఒక సూచన రాశాడు. నోనో ఆ సూచననే యథాతథంగా ఎత్తి తన పుస్తకంలో పెట్టాడు. స్వరం తీసుకోలేదు చూశావా, సూచన తీసుకున్నాడు. బీతోవెన్ వినేవాడి కోసం రాసింది కాదది, వాయించేవాడి చెవిలో వేసిన మాట.

ఇప్పుడు నీ అసలు అభ్యంతరానికి వస్తాను. నువ్వు కచేరీలో విసుక్కుని అన్నదాన్ని జర్మన్ తాత్వికుడు అడోర్నో 1933లో పుస్తకమేసి మరీ అన్నాడు. హెగెల్ తన సౌందర్యశాస్త్ర ఉపన్యాసాల్లో సంగీతానికి సరుకే మనిషి అంతరంగం అని చెప్పి వెళ్లాడు. ఆ అంతరంగాన్ని డేనిష్ తాత్వికుడు కీర్కెగార్ సత్యానికి ఏకైక చిరునామా చేశాడు. అడోర్నో ఆ చిరునామాకి వెళ్లి చూస్తే కనిపించింది, ఒక మధ్యతరగతి వాడి గది. ఆ రోజుల్లో ఇళ్లకు కిటికీ బయట ఒక అద్దం బిగించేవారు. గదిలో కుర్చీలోంచి లేవకుండానే వీధి మొత్తం ఆ అద్దంలో కనిపించేది. అంతర్ముఖుడంటే ఆ కుర్చీలోవాడే, లోకం అతనికి అద్దంలో బొమ్మ మాత్రమే అన్నాడు అడోర్నో. ఈ విమర్శ నాకు నచ్చుతుంది. మన ధ్యాన శిబిరాల ప్రకటనలు చూసినప్పుడల్లా ఆ అద్దమే గుర్తొస్తుంది.

కానీ ఈ క్వార్టెట్‌లో ఆ కుర్చీ ఎక్కడుందో చూపించు. నువ్వు విసుక్కున్న ఆ ఆగిపోవడాలు ఉన్నాయే, వాటిని ఫెర్మాటాలంటారు. అర్ధచంద్రం కింద చుక్క పెట్టిన గుర్తు. స్వరాన్నో మౌనాన్నో తాళం లెక్క వదిలేసి పట్టుకుని ఉండమని దాని అర్థం. ఈ పుస్తకంలో అవి అడుగడుక్కీ ఉన్నాయి, రకరకాలు. ప్రతిదీ కొత్తగా ఊహించుకోవాలి, ఏ రెండూ ఒక్కలా ఉండకూడదన్నాడు. ఇప్పుడు ఆలోచించు. నలుగురున్నారు. ఎవరి లోపల ఏం పాడుకుంటున్నారో పక్కవాడికి తెలియదు. తాళం లేదు, చెయ్యి ఊపేవాడు లేడు. అయినా తర్వాతి స్వరం నలుగురూ కలిసి ఎత్తుకోవాలి. ఎలా? పక్కవాడి కమాను వైపు, మణికట్టు వైపు, ఊపిరి వైపు చూస్తూ ఉండాలి. అందుకేరా వాళ్లు గుడ్లప్పగించి కూర్చుంది.

మన సంతాప సభలు గుర్తుతెచ్చుకో. నువ్వు డప్పు పట్టుకుని వంగపండు పాటలు ఎత్తుకునేవాడివి, సభ ఊగిపోయేది. కానీ ఆ తర్వాత రెండు నిమిషాలు లేచి నిలబడమనేవారు కదా. వందలమంది, ఎవరి జ్ఞాపకం వాళ్లది, ఒక్కరూ నోరు మెదపరు. అది గదిలోకి దూరిన అంతర్ముఖత్వమా? ఊరేగింపులో భాగం కాదా? మన దగ్గర ఒక అధ్యక్షుడు వాచీ చూసి "కూర్చోండి" అనేవాడు, చాలాసార్లు నిమిషం కాకుండానే. నోనో ఆ అధ్యక్షుణ్ని తీసేశాడు. ఎప్పుడు ముగించాలో నిలబడ్డవాళ్లే తేల్చుకోవాలన్నాడు. ఒక కమ్యూనిస్టు ఆలోచించాల్సిన సంగతి ఇంతకన్నా ఏముంటుంది చెప్పు? ఆయన కూడా పక్క మార్చానని ఎన్నడూ ఒప్పుకోలేదు. సున్నితమైనదానికీ, ఆంతరంగికమైనదానికీ సామూహికమైన, రాజకీయమైన ముఖం ఉంటుందని వాదించాడు. చిన్నచిన్న సాధనాలతోనే పెద్ద తిరుగుబాటు మాట చెప్పాలన్నదే తన కోరిక అన్నాడు.

ఆయన మాటనే నమ్మమని కాదు. పాత రచన చూస్తే నీకే తెలుస్తుంది. 1956లో 'ఇల్ కాంటో సొస్పేసో' అని రాశాడు. ఫాసిస్టుల చేతుల్లో మరణశిక్ష పడ్డ ప్రతిఘటన యోధులు చివరి క్షణాల్లో ఇళ్లకు రాసిన ఉత్తరాలు దానికి సాహిత్యం. అమ్మకు, నాన్నకు, భార్యకు. నువ్వైతే ఆ ఉత్తరాలను ఒక్కో మాటా రాయికి కొట్టినట్టు వినిపించి ఉండేవాడివి. నోనో కొన్ని భాగాల్లో అక్షరాలు విడదీసి కోరస్‌లో ఒక్కో అక్షరం ఒక్కో గొంతుకు పంచిపెట్టాడు. ఒక గొంతు మొదలుపెట్టిన మాటను ఇంకో గొంతు పూర్తి చేస్తుంది. మాట వినపడకపోతే ఆ ఉత్తరాలు ఎందుకు తీసుకున్నట్టు అని తోటి స్వరకర్త స్టాక్‌హౌజెన్ అప్పుడే నిలదీశాడు. ఆ వ్యాఖ్యానం నోనోకి మింగుడుపడలేదు. చచ్చిపోబోతున్న మనిషి మాటను గట్టిగా అరిచి అమ్ముకోవడానికి ఆయనకు మనసొప్పలేదని నా ఊహ. ఆ మాట ఒక్కరి గొంతులో నిలిచేది కాదు, అందరూ తలా కాస్త మోయాలి. 1980 నాటికి ఆ అక్షరాలు ఇంకా లోపలికి దిగాయి, అంతే. మలుపేమీ లేదు.

నీ దగ్గర దాచడమెందుకు, ఒకచోట నాకూ గుచ్చుకుంటుంది. ఆ నలుగురికీ మాటలు తెలియకపోతే కచేరీ వేరేగా వినిపిస్తుందా? మా గురువుగారు పల్లవిలోనే నన్ను పట్టుకున్నట్టు నోనో మాటలు పాడుకోనివాణ్ని పట్టుకునే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. లోపల కూరగాయల లెక్క వేసుకుంటూ వాయించినా మనకు తెలియదు. ఇది లోపమా? కొన్నాళ్లు లోపమనే అనిపించింది. ఇప్పుడు, ఆయన మనుషుల మీద అంత భరోసా పెట్టడం నాకు నచ్చుతోంది. పోలీసు లేని చట్టం లాంటిది రాశాడు, దాన్ని పాటించేవాళ్లు దొరికారు. ఫ్రాన్స్‌లో 1996లో పుట్టిన ఒక క్వార్టెట్ అయితే ఈ రచన మీద మోజుతో తన పేరే డియోటిమా అని పెట్టుకుంది. అయినా నీ పక్కన కూర్చున్న, కాగితం చూడని శ్రోతకు ఏం ముట్టింది అని నువ్వడిగితే నా దగ్గర సగం జవాబే ఉంది. ఎదుటివాళ్లకు తెలియనిదేదో ఉందని సూచించే ఒక తునక ఆ పుస్తకంలో పదేపదే తిరిగి వస్తుంది. నువ్వు బయట ఉన్నావన్న సంగతిని నోనో దాచలేదు, రచనలోనే పెట్టాడు. దాన్ని గౌరవం అనుకుంటావో అవమానం అనుకుంటావో నీ ఇష్టం. నీకు అవమానం అనిపించిందని నీ ఉత్తరమే చెబుతోంది.

నోనో ఆ తర్వాత తన స్నేహితుడైన తాత్వికుడు మాస్సిమో కచ్చారి కూర్చిన సాహిత్యంతో 'ప్రొమేతేయో' రాశాడు. 1984లో వెనిస్‌లో సాన్ లొరెంజో చర్చి లోపల రెంజో పియానో కట్టిన పెద్ద చెక్క నిర్మాణంలో శ్రోతలను కూర్చోబెట్టి, చుట్టూ వాద్యాలు పెట్టి వినిపించారు. దానికి 'వినడమనే విషాదనాటకం' అని ఉపశీర్షిక. కచ్చారి తర్వాత వెనిస్ మేయరు కూడా అయ్యాడు, అంతర్ముఖులంతా గదుల్లో కూర్చోరనడానికి నీకో సాక్ష్యం. కానీ ఆ 'ప్రొమేతేయో' నాకు ఇంకా కొరుకుడు పడలేదు. దాని మీద నువ్వెంత తిట్టినా నేను అడ్డురాను.

క్వార్టెట్‌ను మాత్రం ఇంకోసారి విను. అమ్మాయిని అడిగితే లాసాల్‌వాళ్ల రికార్డు వెతికి పెడుతుంది. పుస్తకం ముందు చూడకు, హోల్డర్లిన్ తునకలు అసలే చదవకు. టీవీ పక్కన, మనవడి గోల మధ్య పెట్టుకున్నా ఫర్వాలేదు, వాడి గోల నోనోకి అడ్డం కాదు. ఏ ఆగుడు దగ్గర నీకు విసుగు పుట్టిందో, ఏ ఆగుడు దగ్గర పుట్టలేదో గుర్తుపెట్టుకుని రాయి. విసుగు పుట్టని చోటు ఒక్కటీ లేదంటావా, అదీ రాయి, కానీ అబద్ధం రాయకు.

మీ ఆవిడకు నమస్కారాలు. బీపీ మాత్రలు మానేశావని మా ఇంట్లోవాళ్లకు ఎవరో చెప్పారు. నిజమైతే పాటల సంగతి తర్వాత, ముందు అవి వేసుకో.

నీ
మూర్తి